సైకిలు పోతే కేసు అవుతుందా? ఐదు వేల గీతకు ఇవతల మన ఇళ్లు

సోలాపూర్‌లో మగ్గాల పనికి వెళ్లే మనిషి, హోసూరులో ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లే కుర్రాడు, బరంపురంలో ట్యూషన్‌కు వెళ్లే పిల్ల, యానాంలో తెల్లారకముందే చేపల రేవుకు చేరే ఆసామి. వీళ్ల ఊళ్లు వేరు, రాష్ట్ర భాషలు వేరు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బయటికి తీసేది సైకిలు. ఆ సైకిలు ఒక సాయంత్రం పెట్టిన చోట కనిపించకపోతే ఏం జరుగుతుంది? 2024 జూలై 1 తర్వాత ఈ ప్రశ్నకు జవాబు మారిపోయింది. ఆ మార్పు మన ఇళ్లలో చాలామందికి ఇంకా చేరలేదు. స్టేషన్ మెట్లెక్కాకే తెలుస్తోంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం దేశంలో దాదాపు సగం ఇళ్లలో సైకిలు ఉంది. ఒడిశాలోనైతే పదింట ఏడిళ్లలో ఉంది. కాబట్టి ఇది సరదాగా తొక్కేవాళ్ల గోడు మాత్రమే కాదు. మోటారు బండి పోతే ఇన్సూరెన్సు ఉంటుంది, నంబరు ప్లేటు ఉంటుంది, ఆర్‌సీ ఉంటుంది. సైకిలుకు ఇవేవీ లేవు. ఉన్న ఒక్క ఆసరా పోలీసు కేసు. ఇప్పుడు దానికీ ఒక గీత పడింది.

గీత ఎక్కడ పడింది

పాత భారతీయ శిక్షాస్మృతిలో దొంగతనానికి 379వ సెక్షన్ ఉండేది. పోయిన వస్తువు వంద రూపాయలదైనా లక్ష రూపాయలదైనా అది పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరమే. కట్టేవారా లేదా అన్నది వేరే సంగతి. అడిగే హక్కు మాత్రం మనకుండేది. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్ కింద ఉంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దోషిగా తేలితే కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్లు కఠిన జైలు.

దీనికి కొత్తగా ఒక మినహాయింపు జోడించారు. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దోషికి అది మొదటి శిక్ష అయి, వస్తువును గానీ దాని విలువను గానీ తిరిగి ఇచ్చేస్తే జైలు ఉండదు, సమాజ సేవ చేయిస్తారు. ఇందులో తప్పు పట్టాల్సింది పెద్దగా లేదు. ఆకలికి చేయి చాచిన కుర్రాణ్ణి జైల్లో ముదిరిన దొంగల పక్కన కూర్చోబెట్టడం ఎవరికీ మేలు కాదు.

చిక్కు అసలు చట్టంలో కన్నా దానికి తోడుగా వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత మొదటి షెడ్యూల్‌లో ఉంది. 5,000 రూపాయల లోపు దొంగతనాన్ని అక్కడ నాన్-కాగ్నిజబుల్ వరుసలో పెట్టారు. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీల్లేదు. 174వ సెక్షన్ ప్రకారం వాళ్లు చేయాల్సింది ఇంతే: ఫిర్యాదు సారాంశాన్ని పుస్తకంలో రాసుకోవాలి, మనల్ని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమనాలి, అలాంటి కేసుల డైరీ నివేదికను పదిహేను రోజులకోసారి మేజిస్ట్రేటుకు పంపాలి. చేతికి వచ్చేది తమిళనాడులో సీఎస్ఆర్ రసీదు, కర్ణాటకలో ఎన్‌సీఆర్, మహారాష్ట్రలో ఎన్‌సీ. ఎఫ్ఐఆర్ కాదు.

ఇక సైకిలు సంగతి చూడండి. గేర్ల సైకిలు, పది పదిహేను వేలది పోతే గీతకు అవతల ఉంటుంది, ఎఫ్ఐఆర్ పడుతుంది. నాలుగేళ్లు తొక్కిన మామూలు సైకిలు, రోజూ పనికి తీసుకెళ్లేది పోతే గీతకు ఇవతల పడుతుంది. పోయినదాని విలువ రూపాయల్లో తక్కువే. కానీ అది లేకపోతే మర్నాడు ఆటోకు డబ్బు కావాలి, లేదా ఆ రోజు కూలి పోతుంది. చట్టం వస్తువు ఖరీదు కొలిచింది. దాని మీద ఆధారపడిన బతుకును కొలవలేదు. ఎవరికి సైకిలు అత్యవసరమో వాళ్ల సైకిలుకే పోలీసు రక్షణ తగ్గింది.

ధర ఎవరు కడతారు

ఇక్కడే మొదటి జాగ్రత్త. విలువ ఎంత అన్నది ఫిర్యాదులో మనం ఏం రాస్తాం, దానికి ఏ ఆధారం చూపిస్తాం అన్నదాని మీదే మొదలవుతుంది. 'ఏదో పాత సైకిలండీ' అని మనమే అంటే అక్కడితో సరి. అబద్ధం రాయమని కాదు, పూర్తిగా రాయమని. సైకిలుతో పాటు పోయినవన్నీ రాయాలి: తర్వాత వేయించిన కొత్త టైర్లు, క్యారియరు, పిల్ల సీటు, లైటు, తగిలించిన టిఫిను సంచి, అందులోని పనిముట్లు. అన్నీ కలిపి నిజంగా 5,000 దాటితే అది కాగ్నిజబుల్ నేరమే. బిల్లు లేకపోతే అదే మోడల్ ఈరోజు కొట్లో ఎంతుందో, మనది ఎన్నేళ్లు వాడిందో రాయండి. రిపేరు చేయించిన రసీదులు ఉంటే జత చేయండి.

ప్రభుత్వం బడి పిల్లలకిచ్చే సైకిళ్లది మరో చిక్కు. తమిళనాడులో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల ప్లస్ వన్ పిల్లలకు సైకిళ్లు ఇస్తున్నారు. కర్ణాటకలో 2006–07లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఉచితంగా వచ్చినదానికి బిల్లుండదు. ఒకే ఏడాది ఇచ్చినవన్నీ ఒకే రంగు, ఒకే అచ్చు. మనదేదో మనమే చెప్పలేం. బడిలో పంపిణీ రిజిస్టరు ఉంటుంది, ప్రధానోపాధ్యాయుల దగ్గర దాని నకలు ముందే తీసుకుని పెట్టుకోవడం మంచిది.

సైకిలు ఎక్కడి నుంచి పోయిందన్నది కూడా ముఖ్యం. నివాసంగా వాడే భవనం లోపలి నుంచి గానీ, వస్తువులు భద్రపరిచే భవనం లోపలి నుంచి గానీ దొంగిలిస్తే అది 305వ సెక్షన్ కిందికి రావచ్చు. శిక్ష ఏడేళ్ల వరకు ఉంటుంది, అక్కడ 5,000 గీత లేదు. రోడ్డు మీద గోడకు ఆనించిన సైకిలుకూ ఇంటి లోపల పెట్టుకున్న సైకిలుకూ చట్టం కళ్లలో ఇంత తేడా ఉంది. ఫిర్యాదులో 'ఇంటి దగ్గర పోయింది' అని సరిపెట్టకుండా, మెట్ల కిందనా, వరండాలోనా, గేటు బయటనా అన్నది ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఇంకొకటి. ఒకే వీధిలో నెలలో నాలుగైదు సైకిళ్లు పోతే అది ఒక్క మనిషి పని కాకపోవచ్చు. ముఠాగా ఏర్పడి చేసే చిన్న దొంగతనాలకు న్యాయ సంహితలో 112వ సెక్షన్ ఉంది. ఏడాది నుంచి ఏడేళ్ల వరకు శిక్ష, పోలీసులే కేసు కట్టొచ్చు. ఎవరికి వారు విడివిడిగా వెళ్లి ఐదు ఎన్‌సీ రసీదులతో తిరిగి రావడం కన్నా, ఐదుగురూ తేదీలు, వేళలు, సీసీ కెమెరాల వివరాలు రాసుకుని కలిసి వెళ్లడం మేలు. కొన్ని నేరాలు కలిసి ఉండి వాటిలో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా కేసు మొత్తాన్ని కాగ్నిజబుల్‌గానే చూడాలని అదే 174వ సెక్షన్ చెబుతోంది.

సరిహద్దు ఊళ్ల తిప్పలు

మన వాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లు చాలా వరకు రాష్ట్రాల అంచున ఉన్నాయి. యానాంలో పోయిన సైకిలు ఎదుర్లంక వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. హోసూరులో పోయినది అత్తిబెలె చేరితే కర్ణాటక. బరంపురం నుంచి ఇచ్ఛాపురం, బళ్లారి నుంచి గుంతకల్లు వైపు కూడా అంతే.

కొత్త చట్టంలో జీరో ఎఫ్ఐఆర్‌ను గట్టిగా చెప్పారు. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా ఇచ్చి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టొచ్చు. ఇదంతా 173వ సెక్షన్. అయితే అది కాగ్నిజబుల్ నేరాలకే. నాన్-కాగ్నిజబుల్ సంగతి చెప్పే 174వ సెక్షన్ 'ఆ స్టేషన్ పరిధిలో జరిగిన' నేరం గురించే మాట్లాడుతుంది. ఖరీదైన సైకిలు పోయినవాడికి ఏ స్టేషనైనా తలుపు తీస్తుంది. పాత సైకిలు పోయినవాడు సరైన స్టేషన్ ఏదో ముందు తానే తేల్చుకోవాలి. దొరికిన చోటు పక్క రాష్ట్రమైతే ఆ తిప్పలు ఇంకా పెరుగుతాయి.

ఏ భాషలో రాయాలి

మన పెద్దవాళ్లు కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా చక్కగా మాట్లాడతారు. రాయమంటేనే చేయి ఆగిపోతుంది. అందుకని ఫిర్యాదు ఎవరో రాసిపెడతారు, వీళ్లు సంతకం పెడతారు. అందులో 'దొంగిలించారు' బదులు 'పోగొట్టుకున్నాను' అని పడితే కథ అక్కడే ముగుస్తుంది. లాస్ట్ రిపోర్టు వేరు, దొంగతనం ఫిర్యాదు వేరు. మొదటిది డూప్లికేటు కాగితాలు తెచ్చుకోవడానికే పనికొస్తుంది. దాని మీద ఎవరూ దొంగను వెతకరు.

రెండు హక్కులు గుర్తుంచుకోవాలి. కాగ్నిజబుల్ నేరం గురించి నోటితో చెప్పినా స్టేషన్ అధికారి రాసుకోవాలి, రాసినది మనకు చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. రెండోది రాజ్యాంగం 350వ అధికరణం. కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు వినతి పెట్టుకునే హక్కును అది ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. తెలుగులో రాసిన కాగితాన్ని తీసుకోబోమనడం సరికాదు. అయితే పని జరగాలంటే రాష్ట్ర భాషలో ఒక ప్రతి, తెలుగులో మన మాటల్లో ఒక ప్రతి జత చేయడం తెలివైన పని. రెంటిలో తేడా వస్తే మనం చెప్పిందేమిటో తెలుగు ప్రతి చెబుతుంది.

విలువ 5,000 దాటినా కేసు కట్టకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. కాగ్నిజబుల్ నేరమని సమాచారం తెలిపితే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో స్పష్టం చేసింది.

తాళం ఎలా వేస్తున్నాం

కేసు కష్టమైనప్పుడు సైకిలు పోకుండా చూసుకోవడమే ముఖ్యం. మన ఇళ్లలోని సైకిళ్లకు ఎక్కువగా ఉండేది వెనక చక్రం చువ్వల మధ్య నుంచి వెళ్లే వీల్ లాక్. అది చక్రం తిరగకుండా ఆపుతుంది, సైకిలును ఎత్తుకుపోకుండా ఆపదు. మామూలు సైకిలు 20 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఇద్దరు కలిసి ఎత్తి ట్రాలీ ఆటోలో పడేయడానికి నిమిషం చాలు. పైన ప్లాస్టిక్ తొడుగుతో, లోపల సన్నని తీగెలతో ఉండే కేబుల్ తాళం చూడ్డానికి లావుగా ఉంటుంది గానీ కటింగ్ ప్లయర్‌కు నిలవదు.

గట్టిపరిచిన ఉక్కుతో చేసిన యు ఆకారపు తాళం, లేదా లావు గొలుసు తాళం దీనికన్నా మేలు. ఎంత మంచి తాళమైనా దేనికి వేశామన్నదే అసలు సంగతి. ముందు చక్రానికి ఒక్కదానికే వేస్తే చక్రం మిగులుతుంది, సైకిలు పోతుంది. ఫ్రేము, వెనక చక్రం రెండూ కలిపి నేలలో పాతిన కడ్డీకి కట్టాలి. ఆ కడ్డీ పొట్టిదైతే సైకిలును తాళంతో సహా పైకి లాగేస్తారు, బోల్టులతో బిగించిన బోర్డు స్తంభమైతే బోల్టు విప్పేస్తారు. గొలుసు నేలకు తగలకుండా పైకి ఉండాలి, నేల మీద ఆనితే సుత్తి దెబ్బకు వీలు దొరుకుతుంది. తాళం కన్నం కిందికి తిరిగి ఉంటే మంచిది. చక్రాలు చేత్తోనే విప్పుకునే రకమైతే వాటిని నట్లకు మార్పించండి. పక్కింటివాళ్లతో కలిసి వెళ్తే రెండు సైకిళ్లను ఎదురెదురుగా పెట్టి ఒకే గొలుసుతో కట్టండి. కడ్డీ లేని చోట ఇదే దారి.

రోజూ ఒకే చోట, ఒకే వేళకు, సాయంత్రం దాకా వదిలేసే సైకిలు మీద కన్ను పడుతుంది. మనుషులు తిరిగే చోటు, టీ కొట్టు ముందు, కెమెరా కనిపించే చోటు మేలు. ఒక్క నిమిషమే కదా అని తాళం వేయకుండా కొట్లోకి వెళ్లడం మాత్రం మానాలి.

స్టాండులో పెడితే బాధ్యత ఎవరిది

రైల్వే స్టేషన్, బస్టాండు, మార్కెట్ సైకిల్ స్టాండ్లలో టోకెన్ వెనక 'ఓనర్ రిస్క్' అని అచ్చేసి ఉంటుంది. అది చదివి మనం నోరు మూసుకుంటాం. అంత అవసరం లేదు. డబ్బు తీసుకుని, టోకెన్ ఇచ్చి, టోకెన్ చూపిస్తేనే బయటికి వదిలే స్టాండు మన వస్తువును అప్పగింతగా తీసుకున్నట్టే వాదించొచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం అలా అప్పగించుకున్నవాడు తన సొంత వస్తువుపై మామూలు మనిషి తీసుకునేంత జాగ్రత్త తీసుకోవాలి. 2019 నవంబరులో తాజ్ మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. సిబ్బందికి అప్పగించిన కారు పోతే, టోకెన్ మీద ఓనర్ రిస్క్ అని ఉన్నా హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని తేల్చింది. అది కారు కేసు, మనది సైకిలు. సూత్రం మాత్రం ఒకటే.

వినియోగదారుల జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల వరకు చెల్లింపు ఉన్న వ్యవహారాలకు ఫిర్యాదు రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. కావాల్సింది టోకెన్. సాయంత్రం దాకా జేబులో నలిగిపోయే ఆ కాగితం ముక్కను పెట్టగానే ఫోనులో ఫొటో తీసుకోండి.

బిళ్ల పోయింది, లెక్కా పోయింది

అరవై దాటినవాళ్లకు సైకిల్ బిళ్ల గుర్తుండే ఉంటుంది. మున్సిపాలిటీకి పన్ను కట్టి తెచ్చుకుని సైకిలుకు తగిలించేవారు. బిళ్ల లేకపోతే ఆపేవారు. పేదవాడి బండి మీద పన్నేమిటని అది పోయింది, పోవడమూ మంచిదే. దాంతోపాటు ఏ సైకిలు ఎవరిదో చెప్పే ఒక్క లెక్క కూడా పోయింది. జపాన్‌లో ఈనాటికీ సైకిలు కొన్నవాళ్లు దాన్ని నమోదు చేయించడం చట్టరీత్యా తప్పనిసరి.

మన దగ్గర అలాంటి ప్రభుత్వ రిజిస్టరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఎక్కువ సైకిళ్లకు ఫ్రేము నంబరు ఉంటుంది. పెడళ్ల ఇరుసు కింద గానీ, సీటు కింది గొట్టం మీద గానీ చెక్కి ఉంటుంది. సైకిలు తలకిందులు చేసి, మట్టి తుడిచి, ఆ నంబరు ఫొటో తీసుకోండి. సైకిలు మొత్తం ఒక ఫొటో, దాని పక్కన మీరు నిలబడి ఒక ఫొటో తీసుకోండి. పేరు, ఫోను నంబరు రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి హ్యాండిలు గొట్టంలోకి తోసేయండి. రంగు మార్చినా, బెల్లు పీకేసినా ఆ కాగితం ఎవరికీ కనపడదు. దొరికిన రోజున 'ఇది నాదే' అని చూపించడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

మన తెలుగు సంఘాలు, కుల సంఘాల భవనాలు, గుడి కమిటీలు ఉగాదికి, శ్రీరామనవమికి జనాన్ని పోగు చేస్తాయి. ఆ రోజున ఒక బల్ల వేసి, ఫ్రేము నంబర్లు రాసుకునే ఒక పుస్తకం పెట్టడానికి ఖర్చేమీ లేదు. పక్కనే ఫిర్యాదు నమూనా రాష్ట్ర భాషలోనూ తెలుగులోనూ పెడితే ఇంకా మంచిది.

కొనేటప్పుడూ జాగ్రత్త కావాలి. దొంగ సొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం ఉండి గానీ తీసుకుంటే న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష. ఆరేడు వేల సైకిలు వెయ్యికి వస్తోందంటే ఆ కారణం కళ్ల ముందే ఉన్నట్టు. దొంగ సైకిలుకు కొనేవాడు ఉన్నంతకాలం మన సైకిలుకు దొంగ ఉంటాడు.

అడగాల్సింది ఏమిటి

జాగ్రత్తలన్నీ మన మీదే వేసుకుని ఊరుకుంటే న్యాయం కాదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే నగరాల్లో సైకిళ్లకు సురక్షితమైన పార్కింగు ఉండాలని చెప్పింది. 2020లో కేంద్రం నిర్వహించిన సైకిల్స్ ఫర్ ఛేంజ్ పోటీలో గెలిచిన నగరాల్లో బెంగళూరు, భువనేశ్వర్, నాగ్‌పూర్, పింప్రి చించ్‌వాడ్ ఉన్నాయి. ఇవన్నీ మన వాళ్లున్న ఊళ్లే. లేన్లకు రంగు వేసిన చోట నాలుగు ఇనుప కడ్డీలు పాతడం పెద్ద ఖర్చు కాదు. వార్డు సభ్యుడిని అడగాల్సింది అదే: బస్టాండు, రైతు బజారు, ప్రభుత్వ ఆసుపత్రి ముందు నేలలో పాతిన కడ్డీలు, వాటి మీద ఒక దీపం, ఒక కెమెరా.

చట్టం విషయంలోనూ దారి మూసుకుపోలేదు. నేర చట్టాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రాలు సవరణ తేవచ్చు. కొత్త చట్టాలకు ఏ రాష్ట్ర సవరణలు కావాలో చూడడానికి తమిళనాడు ప్రభుత్వం 2024 జూలైలోనే విశ్రాంత న్యాయమూర్తి ఎం. సత్యనారాయణన్‌తో ఏకసభ్య కమిటీ వేసింది. మొదటి తప్పుకు సమాజ సేవ అన్న మంచి నిబంధనను ఉంచుతూనే, దర్యాప్తు మాత్రం పోలీసులే చేసేలా షెడ్యూల్‌లో ఒక్క వరుస మార్చమని అడగడం అత్యాశ కాదు. దొంగకు శిక్ష తగ్గించడం వేరు, దొంగను వెతకకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకే గీతతో కలిపేయడమే జరిగిన పొరపాటు.

అది మారేదాకా చేయగలిగింది ఒకటుంది. ఈ ఆదివారం ఇంట్లోని సైకిలును ఒకసారి తలకిందులు చేసి ఆ నంబరు చూడండి.